చుక్కలు చెరిపేసి రంగులు అచ్చువేయకండి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే పత్రికల్లో, టీవీల్లో, ఫోన్లలో జిల్లాల మీద నీలం, పసుపు, ఎరుపు పులిమిన వర్షపాత పటాలు కనిపిస్తాయి. రంగు చూసి మన ఊళ్లో ఎంత పడిందో చెప్పేయొచ్చనిపిస్తుంది. నిజానికి ఆ రంగులో చాలా భాగాన్ని ఎవరూ కొలవలేదు. కొలిచింది అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న వర్షమాపకాల దగ్గరే. మిగతాదంతా కంప్యూటర్ పూడ్చిన అంచనా. ఈ పూడ్చే పనిని ఇంటర్‌పొలేషన్ అంటారు, పాఠ్యపుస్తకాల్లో అంతర్వేశనం. అది తప్పు పనేమీ కాదు, చేయక తప్పదు కూడా. కొలిచిన చోట్లను చూపే చుక్కల్ని చెరిపేసి పూడ్చిన రంగును మాత్రమే అచ్చువేయడం మీదే నా అభ్యంతరం. ఈ పటాలు ఇప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లు ఎవరైనా పది వరుసల కోడ్‌తో గీసేస్తున్నారు కాబట్టి ఆ పది వరుసల్లో ఎక్కడెక్కడ కాలు జారుతుందో కొంచెం వివరంగా రాస్తున్నాను. మీ డెస్కులో పటాలు వేసేవారికి, ప్రాజెక్టుల కోసం ఇదే పని చేసే విద్యార్థులకు పనికొస్తుంది.

ముందు లెక్క చూద్దాం. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వెయ్యి అనుకుంటే ఒక్కోదాని వంతుకు 112 చదరపు కిలోమీటర్లు వస్తుంది, అంటే కేంద్రానికీ కేంద్రానికీ సగటున పదిన్నర కిలోమీటర్ల ఎడం. మామూలు వర్షమాపకం మూతి 200 చదరపు సెంటీమీటర్లు, అన్నం పళ్లెమంత కూడా ఉండదు. ఆ మూతిలో పడిన నీళ్లే పది కిలోమీటర్ల మేర సాక్ష్యం చెప్పాలి. ముసురు పట్టినప్పుడు ఆ సాక్ష్యం బాగానే నిలబడుతుంది. ఉరుముల వానకు నిలబడదు, ఒక ఊళ్లో చెరువు నిండితే పక్క ఊళ్లో దుమ్ము కూడా అణగని రోజులు మనకు కొత్త కాదు.

2023 జులై 27నే తీసుకోండి. ఆ ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు నమోదయ్యాయి. అంతకుముందు రికార్డు 2013 జులైలో వాజేడులో పడిన 517.5. మోరంచవాగు మోరంచపల్లిని ముంచిన రోజది. ఇలాంటి రోజునే పటం మీద అందరి కళ్లూ ఉంటాయి, ఇలాంటి రోజునే మెత్తగా కనిపించే పటం ఎక్కువ తప్పు చెబుతుంది.

ఎలాగంటారా? సైపై అనే పైథాన్ గణిత ప్యాకేజీలోని గ్రిడ్‌డేటా ఫంక్షన్‌తోనే చాలామంది మొదలుపెడతారు. దానికి కేంద్రాల స్థానాలు, అంకెలు, అంచనా కావలసిన గళ్ల (పటాన్ని విడగొట్టిన చిన్న చదరాల) స్థానాలు ఇస్తే చాలు. పద్ధతి మూడు రకాలు: నియరెస్ట్, లీనియర్, క్యూబిక్. నియరెస్ట్ ప్రతి గడికీ అతి దగ్గరి కేంద్రం అంకెనే అంటిస్తుంది. పటం అతుకుల బొంతలా వస్తుంది గానీ అబద్ధమాడదు. ఏ గడి ఏ కేంద్రం కింద ఉందో బొంతే చెబుతుంది. 1911లో థీసెన్ వర్షపాతం సగటు కట్టడానికి చూపిన బహుభుజుల పద్ధతి ఇదే. లీనియర్ కేంద్రాలన్నింటినీ డెలౌనే ముక్కోణాల వలగా అల్లి, ఒక్కో ముక్కోణం మీద చదునైన రేకు పరుస్తుంది. అంచనా ఎప్పుడూ ఆ మూడు మూలల అంకెల మధ్యే ఉంటుంది. క్యూబిక్ అదే వల మీద వంపు తిరిగిన గుడ్డ కప్పుతుంది. కంటికి అదే అందంగా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్నే ఎంచుకుంటారు. అసలు తంటా అక్కడే ఉంది.

వంపు నునుపుగా ఉండాలంటే శిఖరం పక్కన గుంట పడక తప్పదు. సమాన దూరాల్లో ఒకే వరుసలో కేంద్రాలున్నాయనుకోండి. ఒకదాంట్లో 650 మిల్లీమీటర్లు, మిగతా అన్నింట్లో సున్నా. వాటి గుండా క్యూబిక్ స్ప్లైన్ అనే నునుపైన వంపు గీస్తే శిఖరానికి పక్కనున్న సున్నాకూ ఆ తర్వాతి సున్నాకూ నడుమ విలువ మైనస్ 89 మిల్లీమీటర్ల దాకా దిగుతుంది. శిఖరంలో సుమారు 14 శాతం. ఆకాశం నేల నుంచి నీళ్లు తోడుకుందన్నమాట. రంగుల పట్టీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మైనస్ గళ్లు కూడా సున్నా రంగులోనే కలిసిపోయి, తప్పు ఎవరి కంటా పడదు. అందుకే పటం గీసే ముందు గళ్లలో కనిష్ఠం, గరిష్ఠం ప్రింట్ చేసి చూడటం మొదటి అలవాటు కావాలి. కనిష్ఠం సున్నా కంటే తగ్గినా, గరిష్ఠం కొలిచిన గరిష్ఠాన్ని దాటినా పద్ధతి మార్చాలి. మైనస్‌లను క్లిప్‌తో సున్నా చేసి ఊరుకుంటే గుంట మాసిపోతుంది గానీ అదే వంపు మరోచోట లేపిన దిబ్బ అలాగే ఉంటుంది.

లీనియర్‌కూ ఒక లోపం ఉంది. గళ్లు రెండు కిలోమీటర్లవైతే కేంద్రానికి అతి దగ్గరి గడి మధ్యబిందువు 1.4 కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. పది కిలోమీటర్ల అవతలి కేంద్రంలో 100 మిల్లీమీటర్లే ఉంటే రేకు కిలోమీటరుకు 55 చొప్పున జారుతుంది. ఆ వాలులో లక్ష్మీదేవిపేట శిఖరం పటం మీద 570 దగ్గరే ఆగిపోవచ్చు. శీర్షికలో 649.8, పటంలో 570 అంటే పాఠకుడు దేన్ని నమ్మాలి? చుక్కను దాని అసలు అంకెతో సహా పటం మీద వేస్తే ఈ గొడవే ఉండదు.

దూరం పెరిగేకొద్దీ కేంద్రం అంకెకు బరువు తగ్గించే పద్ధతి మరొకటి ఉంది, 1968లో షెపర్డ్ చెప్పింది. భారత వాతావరణ శాఖ 6,955 వర్షమాపకాల అంకెలతో దేశమంతటికీ పావు డిగ్రీ గళ్ల వర్షపాతం తయారుచేసినప్పుడు వాడింది కూడా షెపర్డ్ పద్ధతే. లెక్క కాగితం మీద చేసుకోవచ్చు. ఒక ఊరికి 2, 5, 10 కిలోమీటర్ల దూరంలోని కేంద్రాల్లో 120, 40, 10 మిల్లీమీటర్లు పడ్డాయనుకోండి. ఒకటిని దూరం వర్గంతో భాగిస్తే బరువులు 0.25, 0.04, 0.01. అంచనా 105.7 మిల్లీమీటర్లు. వర్గం బదులు ఒట్టి దూరంతోనే భాగిస్తే బరువులు 0.5, 0.2, 0.1 అవుతాయి, అంచనా 86.3కు పడిపోతుంది. ఒకే డేటా, ఒకే ఊరు, కోడ్‌లో ఒక్క అంకె మారితే 19 మిల్లీమీటర్ల తేడా. ఈ పద్ధతి కొలిచిన హద్దులు దాటదు, మైనస్‌లు రావు. కానీ ప్రతి కేంద్రం చుట్టూ ఎద్దుకన్నులాంటి గుండ్రటి వలయాలు తెస్తుంది. పటంలో అలాంటి గుండ్రాలు వరుసగా కనిపిస్తే అవి మబ్బు ఆకారాలు కావు, ఫార్ములా ఆకారాలు. కేంద్రాలు గుంపుగా ఉన్నచోట ఇంకో చిక్కు వస్తుంది. హైదరాబాద్‌లో ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న కేంద్రాలన్నీ కలిసి శివారు గడి మీద పడి, అవతలి పక్కన ఒంటరిగా ఉన్న పల్లె కేంద్రాన్ని నొక్కేస్తాయి.

సైపై 1.7 నుంచి ఆర్‌బీఎఫ్ ఇంటర్‌పొలేటర్ అనే మరో పూడ్చే సాధనం వచ్చింది. మనం ఏమీ చెప్పకపోతే అది థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే నునుపైన వంపునే వాడుతుంది, అంటే పైన చెప్పిన గుంటల రోగం దానికీ ఉంది. వానకు వాడాలంటే కెర్నెల్‌ను, అంటే ఆ వంపు రకాన్ని, లీనియర్‌కు మార్చి, స్మూతింగ్‌కు సున్నా కాకుండా ఏదో ఒక విలువ ఇచ్చి చూడాలి. ఒక్కో గడికి ఎన్ని పొరుగు కేంద్రాలు చూడాలో (నైబర్స్) చెప్పకపోతే అది బిందువులన్నింటినీ ఒకే మాత్రికలో పెడుతుంది. వెయ్యి బిందువులకు ఆ మాత్రిక 8 మెగాబైట్లు, పది వేలకు 800 మెగాబైట్లు. ల్యాప్‌టాప్ ఊపిరాడక ఆగిపోతే కారణం అదే. నైబర్స్ 50 ఇస్తే సరిపోతుంది. ఇంటర్‌ప్ టూడీ అనే పాత ఫంక్షన్‌తో రాసిన పాఠాలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. సైపై 1.14లో దాన్ని తీసేశారు, ఆ కోడ్ ఇక నడవదు.

క్రిగింగ్ అనే మరో పూడ్చే పద్ధతి గురించి నాలుగు మాటలు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో క్రిగ్ అనే ఇంజినీరు 1951లో మొదలుపెట్టిన ఆలోచనకు ఫ్రెంచి గణితవేత్త మాథెరాన్ సిద్ధాంతం కట్టి ఆయన పేరే పెట్టాడు. దూరంతో తేడా ఎలా పెరుగుతుందో ముందు డేటాతోనే చెప్పిస్తారు. అదే వేరియోగ్రామ్. పైక్రిగ్ ప్యాకేజీలో మోడల్ పేరు ఇస్తే అది తనంతట తానే సరిపెట్టేస్తుంది, కానీ సరిపెట్టిన గీతను కళ్లతో చూడకుండా ముందుకు పోకూడదు. ఒక్కో దూరపు అరలో కనీసం ముప్పై కేంద్రాల జతలుండాలి. పటం పొడవులో సగం దాటిన దూరాలను లెక్కలోకి తీసుకోకూడదు. దీని లాభం ఏమిటంటే అంచనాతో పాటు అనిశ్చితి గళ్లు కూడా చేతికొస్తాయి. అయితే ఆ అనిశ్చితి కేంద్రాలు ఎక్కడున్నాయన్నదాన్ని, ఆ వేరియోగ్రామ్‌ను బట్టే వస్తుంది. ఆ గడి చుట్టూ ఆ రోజు వాన ఎంత చెల్లాచెదురుగా పడిందో దానికి తెలియదు. ఈ సంగతి మరిచి దాన్ని గ్యారంటీ కాగితంలా చూపించేవారున్నారు.

పద్ధతుల గురించి ఇంత రాశాను గానీ సగం తప్పులు అంతకుముందే, డేటా ఫైల్లోనే జరిగిపోతాయి. పనిచేయని కేంద్రానికి ఖాళీ బదులు సున్నా రాసి ఉంటుంది. కుండపోత నడుమ ఒక గుండ్రటి ఎండ మచ్చ వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. మైనస్ 999 రాసే అలవాటు ఇంతకంటే నయం, కనీసం కనిష్ఠం చూస్తే దొరికిపోతుంది. ఖాళీ విలువలు, అంటే నాన్‌లు, తీసేయకపోతే లీనియర్‌లో ఆ కేంద్రం చుట్టూ ముక్కోణాలన్నీ తెల్లబోతాయి, ఆర్‌బీఎఫ్‌లో పటం మొత్తం పోతుంది. ఒకే స్థానం రెండుసార్లు వస్తే ఆర్‌బీఎఫ్, క్రిగింగ్ రెండూ సింగులర్ మాత్రిక (పరిష్కరించలేని లెక్క) అని మొరాయిస్తాయి. గ్రిడ్‌డేటా మాత్రం నోరెత్తకుండా ఒకదాన్ని వదిలేస్తుంది, అది ఇంకా ప్రమాదం. సమయం కూడా చూసుకోవాలి. వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30కు ముగుస్తుంది. ఒక అంకె ఆ 24 గంటలదీ, పక్కది అర్ధరాత్రి నుంచి లెక్కేసిందీ అయితే ఏ ఫార్ములా వాటిని కలపలేదు.

ఇక స్థానాలు. అక్షాంశ రేఖాంశాలను డిగ్రీల్లోనే ఉంచి దూరం కొలిస్తే మన దగ్గర పెద్ద ప్రమాదం లేదు. 17 డిగ్రీల అక్షాంశం వద్ద రేఖాంశ డిగ్రీ 106.5 కిలోమీటర్లు, అక్షాంశ డిగ్రీ 111. అయినా కిలోమీటర్లలోకి మార్చుకోవడమే మేలు, ఎంత దూరం దాటితే ఖాళీగా వదలాలో అప్పుడే చెప్పగలం. స్థానాలను మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర మండలం, దాని గుర్తింపు (ఈపీఎస్‌జీ) సంఖ్య 32644 వాడండి. జహీరాబాద్, తాండూరు, నారాయణపేట 78 డిగ్రీలకు పడమరగా 43వ మండలంలోకి వస్తాయి. వాటిని విడిగా 43లోకి మార్చి కలిపితే పటం చిరిగిపోతుంది, అన్నింటినీ 44లోనే ఉంచాలి. మార్పిడికి పైప్రోజ్ వాడేటప్పుడు ఆల్వేస్ ఎక్స్‌వై అన్న మాటను ట్రూ చేయకపోతే అది అక్షాంశాన్ని ముందు ఆశిస్తుంది. వరుస తారుమారైతే హైదరాబాద్ పోయి ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. ఇది నవ్వులాటకు అన్నది కాదు, 78 ఉత్తరం, 17 తూర్పు అంటే నిజంగా అక్కడే.

గళ్లు ఎంత చిన్నవిగా ఉండాలి? పది కిలోమీటర్ల ఎడానికి రెండు కిలోమీటర్ల గడి చాలు. తెలంగాణ చుట్టూ పెట్టె గీస్తే సుమారు 430 అడ్డం, 450 నిలువు కిలోమీటర్లు, అంటే 48 వేల గళ్లు, క్షణాల్లో అయిపోతుంది. అర కిలోమీటరుకు దిగితే పని పదహారు రెట్లవుతుంది, వివరం ఒక్క పిసరు పెరగదు. గళ్లను ఎంగ్రిడ్ ఫంక్షన్‌తో కడితే ఫలితంలో అడ్డం నిలువు తిరగబడి ఉంటాయి, బొమ్మ గీసే ఇమ్‌షోకు ఇచ్చే ముందు ట్రాన్స్‌పోజ్ చేయాలి. ఆరిజిన్‌ను లోయర్ అని చెప్పాలి. చెప్పకపోతే ఆదిలాబాద్ కిందికీ, నాగర్‌కర్నూల్ పైకీ వస్తాయి. సరిహద్దు గీత పైన పరిచి చూస్తే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

ఎక్కడ రంగు ఆపాలన్నది నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యం. లీనియర్, క్యూబిక్ రెండూ కేంద్రాల గుంపు చుట్టూ దారం బిగించి కడితే వచ్చే హద్దు లోపలే పూడుస్తాయి, బయట ఖాళీ వదులుతాయి. ఆ దారం రాష్ట్ర సరిహద్దు కాదు. ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్ఛాపురం నుంచి సూళ్లూరుపేటకు దారం బిగించి చూడండి, బంగాళాఖాతంలో పెద్ద ముక్క లోపలికి వచ్చేస్తుంది. అక్కడ సన్నని పొడవాటి ముక్కోణాలు సముద్రానికి కూడా వర్షపాతం చెబుతాయి. సరిహద్దుతో కత్తిరించడం ఒక్కటే చాలదు. సైపైలోని సికెడీట్రీ అనే సాధనంతో ప్రతి గడికీ దగ్గరి కేంద్రం దూరం లెక్కగట్టి, 15 కిలోమీటర్లు దాటిన గడిని నాన్ చేసి తెల్లగా వదిలేయండి. అడవుల్లో తెల్ల మచ్చలు వస్తాయి, రానివ్వండి. అక్కడ కేంద్రాలు లేవన్నది కూడా వార్తే. సరిహద్దు మండలాల కోసం పక్క రాష్ట్రాల కేంద్రాలనూ లెక్కలోకి తీసుకుని, కత్తిరింపు చివర్లో చేయాలి. ముందే కత్తిరిస్తే భద్రాచలం చుట్టుపక్కల అంచనా ఒంటికాలి మీద నిలబడుతుంది.

రంగుల సంగతి. ఇంద్రధనుస్సు జెట్ పట్టీని పైథాన్‌లో బొమ్మలు గీసే ప్యాకేజీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లోనే పక్కనపెట్టింది, మన పటాల్లో అదింకా పోలేదు. పసుపు దగ్గర అది లేని గీతను ఉన్నట్టు చూపిస్తుంది. వాతావరణ శాఖ హద్దులే మెట్లుగా పెట్టుకోండి: 2.5, 15.6, 64.5, 115.6, 204.5 మిల్లీమీటర్లు. అప్పుడు రంగు మారిన ప్రతిచోటా దానికో పేరుంటుంది: 64.5 దాటితే భారీ, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. త్రీడీ కొండల బొమ్మ మాత్రం వద్దు. ముందు కొండ వెనక కొండను దాచేస్తుంది. పైగా ఆ బొమ్మ గీసే ప్లాట్ సర్ఫేస్ ఫంక్షన్ మామూలుగా ఒక్కో దిక్కున యాభై వరుసలకు మించి తీసుకోదు. మన 225 వరుసల్లో ప్రతి ఐదోదే గీస్తుంది, లక్ష్మీదేవిపేట లాంటి ఒంటరి శిఖరం ఆ జల్లెడలోంచి జారిపోవచ్చు.

ఉష్ణోగ్రత పటాలకు ఇంకో జాగ్రత్త కావాలి. విశాఖ తీరానికీ లంబసింగికీ మధ్య గీత గీసి సగటు చెబితే అర్థం లేదు, లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు ఎత్తుకు 6.5 డిగ్రీల చొప్పున అన్ని అంకెలనూ సముద్ర మట్టానికి దించి, అక్కడ పూడ్చి, ప్రతి గడినీ మళ్లీ దాని ఎత్తుకు తీసుకెళ్లాలి. భూగర్భ జలాలదీ అదే తీరు. నేల నుంచి లోతును పూడ్చకుండా నీటి మట్టాన్ని సముద్ర మట్టం నుంచి పూడ్చి, తర్వాత నేల ఎత్తులోంచి తీసివేయాలి. అయినా మన రాతి నేలల్లో పక్కపక్క బోర్లకే పొంతన ఉండదు కాబట్టి అక్కడ నేనైతే చుక్కల పటంతో ఆగిపోతాను.

ఏ పద్ధతి మంచిదని వాదించుకోనక్కర్లేదు, పరీక్ష ఉంది. ఒక కేంద్రాన్ని దాచి, మిగతావాటితో అక్కడ ఎంత పడిందో అంచనా కట్టి, అసలుతో పోల్చాలి. ఇలా వెయ్యింటికీ చేసి తేడాల సగటు తీస్తే పటం ఎన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ తప్పుతుందో తెలుస్తుంది. హైదరాబాద్ కేంద్రాలను విడిగా లెక్కేయండి. పక్కింటి కేంద్రాన్ని చూసి పక్కింటిని ఊహించడం తేలిక కాబట్టి అవి సగటు తప్పును తక్కువగా చూపించి మురిపిస్తాయి.

మీ పత్రికకు నా విన్నపం చిన్నది. పటం రెండు కాలమ్‌ల వెడల్పు ఉంటే వెయ్యి చుక్కలూ సన్నగా పడతాయి, పది అత్యధిక చుక్కల పక్కన అంకె కూడా పడుతుంది. కింద ఈ మాదిరిగా రెండు వరుసలు వేయండి: ‘చుక్కలు వర్షమాపకాలు, రంగు అంచనా. ఉదయం 8.30తో ముగిసిన 24 గంటలు. పద్ధతి: లీనియర్, 2 కి.మీ. గళ్లు. 15 కి.మీ. లోపు కేంద్రం లేనిచోట ఖాళీ. సగటు తప్పు ఇన్ని మి.మీ.’

ఇట్లు
ఒక పాఠకుడు
హనుమకొండ